పిల్లలు పుట్టకముందే కారు కొనాలనుకుంటున్నాం: అయిదు సీట్లదా, ఏడు సీట్లదా?

కొబ్బరాకు_నీడ
మాది అంబాజీపేట పక్కన పల్లెటూరండి. పెళ్ళయి రెండేళ్ళు. వచ్చే ఏడాదికి మా ఆవిడ నీళ్ళోసుకుంటే బాగుండునని ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు, మేమూ అదే అనుకున్నాం. ఇప్పటిదాకా మా ఇంట్లో మోటారు సైకిలే. అత్తారిల్లు పాలకొల్లు. నెలకి రెండుసార్లు దిండి, చించినాడ వంతెన మీదుగా వెళ్ళొస్తాం. మా ఆవిడ ఉద్యోగం అమలాపురంలో. అమ్మా నాన్నా మాతోనే ఉంటారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు.

చేతిలో పదకొండు లక్షలున్నాయి. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ అందులోనే తేలాలి. మావయ్యగారేమో "ఏడు సీట్లది కొను అల్లుడూ, రేపు పిల్లలు పుడితే ఎవర్ని దింపేస్తావు" అంటున్నారు. నాన్నేమో "కాలవ గట్టు మీద అంత పొడుగు బండి ఎలా తిప్పుతావురా" అంటున్నారు. మా ఆవిడది ఒక్కటే ప్రశ్న. వెనక బేబీ సీటు బిగించాక, దాని పక్కన తనూ మా అమ్మా కూర్చోగలరా? నాలుగు షోరూములు తిరిగాం. సన్‌రూఫ్ గురించి అందరూ చెప్పారు గానీ దీనికి ఒక్కరూ జవాబివ్వలేదు. పిల్లలున్నోళ్ళు చెప్పండి, ఏం చూసి కొన్నారు? కొన్నాక ఏది ముందే చూసుకోవాల్సిందనిపించింది?

రొయ్యలచెరువు
మావయ్యగారి మాట వినండి. ఏడు సీట్లదే. నాకు ముగ్గురు పిల్లలు. మొదట చిన్న కారు కొని, రెండోది పుట్టాక అమ్మేసి మళ్ళీ కొన్నాను. రెండుసార్లు రిజిస్ట్రేషను, రెండుసార్లు ఇన్సూరెన్సు. ఒకేసారి కొనుక్కుంటే పోయేది.

ఆత్రేయపురం_రేకు
ముగ్గురికీ సరే, ఇంకా ఒక్కరూ పుట్టలేదు కదండి వాళ్ళకి!

రాజోలు_అమ్మ
మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. నాకు ఇద్దరు, నాలుగేళ్ళ పాప, ఏడాదిన్నర బాబు. మా అనుభవం చెప్తా.

బేబీ సీటు అంటే చిన్న కుర్చీ అనుకున్నా, ఇంటికొచ్చాక తెలిసింది, పెద్ద మనిషంత చోటు తింటుంది. పసిబిడ్డ సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అంటే బిడ్డ మొహం డిక్కీ వైపు. ఆ సీటు వీపు ముందు సీటుకి తగులుతుంది. దాంతో ముందు కూర్చున్నవాళ్ళు మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనించుకోవాల్సిందే. మావారు ఆరడుగులు. డ్రైవర్ సీటు వెనక పెడితే ఆయన తోలలేకపోయారు, ఎడమ పక్కకి మార్చాం. మీరెంత పొడుగో, మీ బండిలో ముందు సీటు వెనక ఎంత చోటు మిగులుతుందో, అది చూసుకోండి. సన్‌రూఫ్ తర్వాత.

ఇంకోటి. సీటుకి ఐసోఫిక్స్ కొక్కేలు (బేబీ సీటుని బండికి నేరుగా బిగించే ఇనుప కొక్కేలు) ఉండేది మామూలుగా వెనక రెండు చివర్లకే. మధ్యలో ఉండవు. ఇద్దరు పిల్లలకి రెండు సీట్లు బిగిస్తే మధ్యలో మిగిలేది జానెడు. అక్కడ మా అత్తగారు కూర్చోలేరు, నేనే ఒద్దికగా ఒరిగి కూర్చుంటా. కాబట్టి అయిదు సీట్ల బండి, ఇద్దరు పిల్లలొచ్చేసరికి నాలుగున్నర సీట్ల బండి అవుతుంది.

రొయ్యలచెరువు
అదీ! నేను చెప్పింది అదే.

రాజోలు_అమ్మ
పూర్తిగా వినండి అన్నయ్యా. మా మరిదిది ఏడు సీట్లదే. మూడో వరసలోకి వెళ్ళాలంటే రెండో వరస సీటు ముందుకి వంచాలి. దాని మీద బేబీ సీటు బిగించి ఉంటే వంగదు. ప్రతిసారీ సీటు ఊడదీసి, అత్తగారిని వెనక్కి ఎక్కించి, మళ్ళీ బిగించాలి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి వెనక వరసలోకి దూరడం నా కళ్ళారా చూశా, వద్దు. రెండో వరసలో రెండు విడి కుర్చీలుండి మధ్యలోంచి నడిచే దారి ఉన్న బండైతే వేరే సంగతి, కానీ అవి ఈ డబ్బుల్లో దొరకడం కష్టం.

పులస_ప్రియుడు
మనమంతా ఏ సీట్లలో పెరిగాం? మా నాన్న స్కూటరు ముందు నించోబెట్టేవాడు, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లి. నలుగురం రాజోలు నుంచి అంతర్వేది తీర్థానికి వెళ్ళొచ్చేవాళ్ళం. ఏమీ కాలేదు. అమ్మ ఒడికి మించిన సీటు ఉందా?

ఇంటర్_ఫిజిక్సు
పులస_ప్రియుడు గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, లెక్క చూడండి. బండి గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉందంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ఎదురుగా చెట్టుకి గుద్దుకుని పదో వంతు సెకనులో ఆగిందనుకోండి. ఆ క్షణంలో పది కిలోల బిడ్డ 140 కిలోల బరువుతో ముందుకి లాగుతుంది. ఏ అమ్మ చేతులు పట్టుకుంటాయి? తల్లి బెల్టు పెట్టుకోకపోతే తన బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకున్నా అంతే, బిడ్డ మధ్యలో నలిగిపోతుంది. అమ్మ ఒడి ఇంట్లో. బండిలో సీటు.

పులస_ప్రియుడు
ఈ లెక్క ఎవరూ చెప్పలేదండి ఎప్పుడూ. మా చిన్నదానికి రెండేళ్ళు. చూస్తాను.

216_ప్రయాణికుడు
చట్టం కూడా ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 194బి సెక్షను వచ్చింది. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయలు జరిమానా. బైకు మీద కూడా నాలుగేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్టు, నడిపేవాళ్ళకి కట్టే పట్టీ ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఆ నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. మన రావులపాలెం సెంటర్లో నించుని చూస్తే ఎంతమంది పాటిస్తున్నారో మీకే తెలుస్తుంది.

పసిపిల్లల_నర్సు
పదేళ్ళుగా పిల్లల వార్డులో ఉన్నాను. కారు ప్రమాదంలో ఒళ్ళోంచి జారిపోయిన బిడ్డల్ని చూశాను, అందుకే ఇది రాస్తున్నా.

వెనక్కి తిరిగి ఉండే సీటే కనీసం పదిహేను నెలలదాకా వాడండి. ఇంకా ఎక్కువ రోజులు వాడగలిగితే అంత మంచిది. పసిబిడ్డకి తల బరువు, మెడ బలహీనం. ముందుకి తిరిగి కూర్చుంటే గుద్దినప్పుడు తల ముందుకి విసురుగా వెళ్తుంది, మెడ తట్టుకోలేదు. వెనక్కి తిరిగి ఉంటే వీపు మొత్తం సీటే మోస్తుంది.

ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన బేబీ సీటు ఎప్పుడూ పెట్టకండి. ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే దెబ్బ నేరుగా బిడ్డ తల వెనక పడుతుంది.

పుట్టిన కొత్తలో రెండు గంటలకి మించి ఏకబిగిన అందులో ఉంచొద్దు. గడ్డం గుండెకి ఆనితే ఊపిరి ఆడదు. పాలకొల్లు మీకు దగ్గరే, రాజమండ్రి వెళ్తే మాత్రం దారిలో ఒకసారి ఆగి ఎత్తుకోండి. ఇంట్లో నిద్రపుచ్చడానికి ఆ సీటు వాడకండి, ఉయ్యాల ఉంది కదా.

బాలింత కూడా వెనక సీట్లో బిడ్డ పక్కనే కూర్చోవాలి. ఆపరేషను అయిన మనిషి బండి ఎక్కి దిగే ఎత్తు చూసుకోండి. మరీ కిందికున్న బండిలోంచి లేవడానికి పొట్ట మీద భారం పడుతుంది. మరీ ఎత్తున్నా కష్టమే. సీటు నడుము ఎత్తుకి కొంచెం కిందుంటే, పక్కకి తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకోవచ్చు. మీ అమ్మగారి మోకాళ్ళకీ అదే ఎత్తు సరిపోతుంది.

కొబ్బరాకు_నీడ
నర్సు గారూ, మా ఆవిడ మీ మాటలన్నీ డైరీలో రాసుకుంటోంది. ఎక్కి దిగే ఎత్తు సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు.

ముక్కామల_మెకానిక్కు
బండ్ల పేర్లు ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెప్తా. అందరూ మైలేజీ అడుగుతారు, గుద్దుడు పరీక్షలో (గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసేది) అయిదుకి ఎన్ని చుక్కలొచ్చాయో అడగరు. పెద్దలకి ఒక రేటింగు, పిల్లలకి వేరే రేటింగు ఇస్తారు, రెండూ చూడాలి.

టాటా నెక్సాన్‌కి 2018లోనే పెద్దల విషయంలో అయిదు చుక్కలు వచ్చాయి, అది అందుకున్న మొదటి మన దేశపు కారు అదే. 2024లో కొత్త నెక్సాన్‌కి పిల్లల విషయంలో కూడా అయిదొచ్చాయి. మారుతి కొత్త డిజైర్‌కి 2024 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో పెద్దలకి అయిదు, పిల్లలకి నాలుగు. టాటా పంచ్‌కి 2021లో అవే అంకెలు. ఏడు సీట్ల మారుతి ఎర్టిగాకి 2024లో పెద్దలకి ఒకటి, పిల్లలకి రెండు. తర్వాత దాంట్లో ఎయిర్‌బ్యాగులు పెంచి ఆరు చేశారు. అయితే నేను చూసేది ఆ అంకెలే. వ్యాగన్ ఆర్‌కి 2023లో పెద్దలకి ఒకటి, పిల్లలకి సున్నా. మన దేశం సొంత పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి మొదలైంది, మీరు కొనే బండికి అందులో ఏమొచ్చిందో అడగండి. షోరూమువాళ్ళు చెప్పకపోతే ఫోన్లో చూడొచ్చు.

రొయ్యలచెరువు
నేను ఎర్టిగా తోలుతున్నానండి, అయిదేళ్ళ నుంచి. ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. వందల కిలోమీటర్లు తిరిగాను. ఈ చుక్కల్ని పట్టుకుని ఏడు సీట్లు వద్దనడం బాగాలేదు.

ముక్కామల_మెకానిక్కు
బండి మంచిదే బాబాయ్. ఇంజను గట్టిది, నాకు రిపేరుకి రావడమే తక్కువ. ఇబ్బంది పెట్టకపోవడం వేరు, గుద్దినప్పుడు కాపాడడం వేరు. రెండూ ఒకే బండిలో ఉండాలని అంటున్నానంతే.

ఆత్రేయపురం_రేకు
ఏడు సీట్లూ కావాలి, పొడుగూ ఉండకూడదంటే రెనో ట్రైబర్ ఉంది కదండి. నాలుగు మీటర్ల లోపు. మూడో వరస సీట్లు ఊడదీసి ఇంట్లో పెట్టేసుకోవచ్చు. 2021 పరీక్షలో పెద్దలకి నాలుగు, పిల్లలకి మూడు చుక్కలొచ్చాయి. మూడో వరస ఉంచితే డిక్కీ 84 లీటర్లే, అంటే ఒక సంచీ. ఊడదీస్తే 625 లీటర్లు.

216_ప్రయాణికుడు
పన్ను కూడా లెక్కలోకి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు బండికి జీఎస్టీ 18 శాతం. అంతకు మించిన బండికి 40. నెక్సాన్ పొడవు 3995 మిల్లీమీటర్లు, ఎర్టిగా దానికంటే కనీసం నలభై సెంటీమీటర్లు ఎక్కువ. ఆ నలభై సెంటీమీటర్లు మీ నాన్నగారికి గట్టు మీద బరువు, మీకు జేబుకి బరువు.

కాకినాడ_కాజా
డీజిలు వద్దు మీకు. రోజూ అంబాజీపేట నుంచి అమలాపురం, అంతేగా. బీఎస్6 పొగ నియమాల డీజిలు బండికి పొగలోని మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, చిన్న చిన్న దూరాలకి అది సరిగ్గా కాలక పూడుకుపోతుంది. పెట్రోలు చాలు. సీఎన్‌జీ అయితే డిక్కీ చూసుకోండి. పంచ్ పెట్రోలుకి 366 లీటర్లు, సీఎన్‌జీకి 210. సిలిండర్లు రెండు చేసి కింద పెట్టినా అంతే మిగిలింది.

రాజోలు_అమ్మ
డిక్కీ సంగతి నేనూ చెప్తా. పాప పుట్టినప్పుడు పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు మా సామాను: ఉయ్యాల, స్ట్రోలరు, పాలసీసాలు, డైపర్లు, బట్టల సంచులు రెండు, అమ్మ పెట్టిన పచ్చళ్ళ జాడీలు, సున్నుండల డబ్బా, కొబ్బరికాయల గోనె. కాయలు దింపేసి మళ్ళీ ఎప్పుడైనా తెచ్చుకుందామన్నాం. నాన్న ఒప్పుకోలేదు. అందుకే ఒకరోజు నిజమైన సామాను పట్టుకెళ్ళి షోరూములో డిక్కీలో పెట్టి చూడండి. లీటర్లు కాగితం మీద అర్థం కావు. డిక్కీ మూత తెరిచాక కింది అంచు ఎంత ఎత్తుందో కూడా చూడండి, స్ట్రోలరు ఎత్తేది ఆడవాళ్ళే ఎక్కువసార్లు.

గోదారి_గట్టు
మన దగ్గర అసలు భయం ఎవరూ రాయలేదు. కాలవ.

నేను రోజూ గట్టు మీదే తోలతా. పక్కన నిండు కాలవ, అటు పొలం, రెయిలింగు లేదు. రాత్రి గేదెలు, ఎదురు ట్రాక్టరు లైట్లు. బండి కాలవలో పడితే చేసేది ఒకటే వరస. బెల్టు తీయాలి, కిటికీ దించాలి, పిల్లల్ని ముందు బయటికి తోయాలి, తర్వాత మనం. తలుపు లాగుతూ కూర్చోకూడదు, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. నీళ్ళు కిటికీ అంచు దాటకముందే అద్దం దించాలి, ఆ కాస్సేపు కరెంటు కిటికీలు మామూలుగా పనిచేస్తాయి. దించలేకపోతే అద్దం పగలగొట్టే చిన్న సుత్తి ఉంటుంది, బెల్టు కోసే బ్లేడు కూడా దానికే ఉంటుంది. డ్రైవరు చేతికందేచోట పెట్టండి, డిక్కీలో కాదు. పక్క అద్దాలు పగులుతాయి, ముందు అద్దం పగలదు.

బేబీ సీటు బకిలు కళ్ళు మూసుకుని ఒక్క చేత్తో తీయగలిగేలా ఇంట్లో అందరూ అలవాటు చేసుకోండి, నాన్నగారితో సహా.

పసిపిల్లల_నర్సు
గట్టు గారూ, ఇది అందరికీ పంపిస్తా. దీనితో పాటు ఇంకొకటి, వెనక తలుపులకి చైల్డ్ లాకు వేసి ఉంచితే బయట నుంచి తెరవొచ్చు, లోపల నుంచి తెరుచుకోదు. పిల్లలకి అది ఉండాల్సిందే. కిటికీల లాకు మీట డ్రైవరు తలుపు మీద ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి, అది నొక్కి ఉంటే వెనకవాళ్ళు కిటికీ దించలేరు, కాలవ ఊళ్ళలో అది మరీ ముఖ్యం.

వశిష్ఠ_ఒడ్డు
లంక ఊళ్ళలో ఉండేవాళ్ళం మేం. 2022 జూలైలో వరద వచ్చినప్పుడు ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, మూడోదంటే 17 లక్షల క్యూసెక్కులు దాటితే. మా కాజ్‌వే మొత్తం మునిగింది. బండిని రెండ్రోజుల ముందే గట్టు మీదకి చేర్చుకున్నాం. గ్రౌండ్ క్లియరెన్సు (బండి అడుగుకీ నేలకీ మధ్య ఎత్తు) ఎక్కువుంది కదా అని నీళ్ళలోకి దిగిన బండ్లే చెడిపోయాయి. ఎత్తున్న బండి గుంతలకే గానీ వరదకి కాదు. నెక్సాన్ 208 మిల్లీమీటర్లు, పంచ్ 2021లో వచ్చినప్పుడు 187, డిజైర్ 163. మీ దారి గుంతలకి ఏదైనా చాలు. నీళ్ళొచ్చిన రోజు ఏదీ తీయకండి.

కాకినాడ_కాజా
ఇంకో మాట. సెకండ్ హ్యాండు కొనాలనుకుంటే ఎవరైనా చౌకగా చెప్పారని తొందరపడకండి, వరదలో మునిగిన బండ్లు కడిగి అమ్ముతారు. తివాచీ ఎత్తి చూడండి, సీటు కింద ఇనుప బోల్టులు తుప్పు పట్టి ఉంటే వదిలేయండి.

రొయ్యలచెరువు
చెరువుల వైపు తిరిగే బండికి ఉప్పు నీళ్ళ దెబ్బ కూడా. రొయ్యల లారీలు కార్చే నీళ్ళన్నీ రోడ్డు మీదే. నెలకోసారి కింద మంచినీళ్ళతో కడిగించండి. ఇది ఏ బండైనా. ఏడు సీట్ల మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను. ముగ్గురు పిల్లలున్న ఇంటికి అది దీవెన.

216_ప్రయాణికుడు
కొబ్బరాకు_నీడ గారూ, ఒక పని చేయండి. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు ఎంతమంది కలిసి వెళ్ళారో మీ ఆవిడా మీరూ కూర్చుని రాయండి. దానికి ఒక బిడ్డని కలపండి. కోటి ఆలోచనలు చేసినా ఆ కాగితం చెప్పినంత స్పష్టంగా ఎవరూ చెప్పరు.

ఆత్రేయపురం_రేకు
సంక్రాంతికి ముప్పై మంది వస్తారు మా ఇంటికి. దానికి లారీ కొనాలా?

కొబ్బరాకు_నీడ
పది రోజులు అయింది, ఏం తేలిందో మీకు చెప్పాలి కదా, రాస్తున్నా.

మూడు నెలల కాగితం రాశాం. పాలకొల్లు ఆరుసార్లు, అన్నీ మేమిద్దరమే. నలుగురం కలిసి వెళ్ళింది రెండుసార్లు, ఒకటి అయినవిల్లి వినాయకుడి గుడికి, ఒకటి పెళ్ళికి. మా బుజ్జిది పుడితే ఆ రెండుసార్లూ అయిదుగురం.

రాజోలు_అమ్మ గారు చెప్పినట్టు మా ఆవిడ పెద్దమ్మ కూతురి బేబీ సీటు అడిగి తీసుకుని, అమ్మని, నాన్నని తీసుకుని షోరూములకి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు ముందు విడ్డూరంగా చూశాడు, తర్వాత అతనే కొక్కేలు వెతికిపెట్టాడు. ఎడమ వైపు వెనక్కి తిప్పి బిగించాం. ఏడు సీట్ల దాంట్లో అమ్మ మూడో వరసలోకి వెళ్ళడానికి ఒక కాలు పెట్టి ఆగిపోయింది, "నన్ను ఇక్కడే వదిలేయండర్రా" అంది. అక్కడ ఆ మాట తేలిపోయింది. డిజైరు నాకు బాగా నచ్చింది, కానీ అమ్మ దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. నెక్సాన్‌లో పక్కకి తిరిగి కూర్చుని తనే దిగింది.

మధ్యలో మా ఆవిడ, కుడి పక్క నాన్న, ముందు అమ్మ. ముందు సీటు నాలుగు అంగుళాలు జరపాల్సి వచ్చింది, అమ్మ పొట్టి మనిషి కాబట్టి సరిపోయింది. మా ఆవిడ అరగంట అలాగే కూర్చుని, "ఇది పాలకొల్లుదాకా చాలు" అంది. రెండోది పుట్టినప్పుడు మళ్ళీ చూస్తాం. 2027 జూన్, జూలైలో పుష్కరాలకి చుట్టాలొస్తే ఒక పెద్ద బండి బాడుగకి తీసుకుంటాం. నాన్న లెక్క వేసి చెప్పారు, నాలుగు రోజుల బాడుగ ఎంతయినా పన్ను తేడా కంటే తక్కువేనట.

పెట్రోలు నెక్సాన్ బుక్ చేశాం. సన్‌రూఫ్ లేనిదే. మిగిలిన డబ్బుతో మంచి బేబీ సీటు కొంటాం.

రొయ్యలచెరువు
మంచిది తమ్ముడూ. రెండోది పుట్టాక నాకు ఫోను చెయ్యి, మూడోదానికి ముందే.

ముక్కామల_మెకానిక్కు
డెలివరీ తీసుకునే రోజు మీరే వెనక సీటు సందులో చెయ్యి పెట్టి రెండు కొక్కేలూ, సీటు వెనక పై పట్టీ కట్టే కొక్కెమూ తడిమి చూడండి. అన్ని సీట్లకీ మూడు చోట్ల బిగిసే బెల్టు ఉందో లేదో చూడండి.

పులస_ప్రియుడు
నేను మొన్న మా చిన్నదానికి సీటు కొన్నాను. మొదటి రోజు ఏడ్చింది, రెండో రోజు ఏడ్చింది, మూడో రోజు అందులోనే నిద్రపోయింది. మా ఆవిడ ఏడుపు మాత్రం నాలుగో రోజుకి ఆగింది.

రాజోలు_అమ్మ
కొబ్బరాకు గారూ, కొత్తది కొనకండి. మా బాబుకి ముందు వాడిన పసిబిడ్డ సీటు అటక మీద ఉంది. మా బండికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు, సీటు మీద ముద్రించిన గడువు ఇంకా నాలుగేళ్ళుంది, పట్టీలు నేను చూశాను, ఎక్కడా చిరగలేదు. తయారీ తేదీ, గడువు మీరూ ఒకసారి చూసుకోండి. దెబ్బ తగిలిన బండిలో ఉన్న సీటైతే నేనే ఇవ్వను. ఇటు వస్తే పట్టుకెళ్ళండి.

కొబ్బరాకు_నీడ
ఆదివారం వస్తాం అక్కా. మా నాన్న పెరట్లో చక్రకేళి గెల ఒకటి పక్వానికి వచ్చింది, మీ పిల్లలకి తెస్తున్నాం.